తుక్కులో సొమ్ము – దుమ్ములో ముప్పు

"పాత ఇనప సామాన్లు కొంటాం! పాత ఇత్తడి, సిల్వరు గిన్నెలు కొంటాం!"

ఈ కేక మనందరికీ తెలిసిందే. తోపుడు బండి వీధిలోకి వస్తుంది. విరిగిన గునపం, తుప్పు పట్టిన రేకు, సొట్టపోయిన గిన్నె తెచ్చి ఇస్తాం. బండి అతను తూకం వేస్తాడు. నాలుగు డబ్బులు చేతిలో పెడతాడు. లేదంటే ఉల్లిపాయలో, ప్లాస్టిక్ బిందో ఇస్తాడు. బండి వెళ్ళిపోతుంది. మనం ఆ సంగతే మరిచిపోతాం.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఆ సామాను ఎక్కడికి పోతుంది? అక్కడ ఏమవుతుంది? ఎవరి చేతుల మీదుగా పోతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. ఆ దారి పొడుగునా ఆడవాళ్ళు ఉన్నారు. తుక్కు ఏరేవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. రకాలు వేరు చేసేవాళ్ళలో ఉన్నారు. ఇసుక మోసేవాళ్ళలో, ఊడ్చేవాళ్ళలో ఉన్నారు. ఆ పనిలో సొమ్ము ఉంది. ముప్పు కూడా ఉంది. సొమ్ము సంగతి తెలియకపోతే మోసపోతాం. ముప్పు సంగతి తెలియకపోతే మన పిల్లలు దెబ్బతింటారు. అందుకే రెండూ తెలియాలి.

1. లోహానికి చావు లేదు

కట్టె కాలితే బూడిద అవుతుంది. ఆ బూడిద మళ్ళీ కట్టె కాదు. కుండ పగిలితే పెంకులు అవుతాయి. ఆ పెంకులు మళ్ళీ కుండ కావు. కానీ ఇత్తడి చెంబు పగిలితే? దాన్ని కరిగించి మళ్ళీ చెంబు చేయవచ్చు. గంట చేయవచ్చు. తలుపు గొళ్ళెం చేయవచ్చు. ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం, సీసం వీటన్నిటినీ లోహాలు అంటాం. లోహాన్ని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు.

ఈ పని మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ వైపు ఓజా కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళు పాత ఇత్తడి కొంటారు. మట్టితో బొమ్మ చేస్తారు. దాని మీద మైనపు తీగలు చుడతారు. పైన మళ్ళీ మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే ఇత్తడి బొమ్మ వస్తుంది. దీన్నే డోక్రా పని అంటారు. ఎవరో పారేసిన పాత ఇత్తడి అందమైన బొమ్మ అయింది. చూశారా!

లోహాలన్నీ ఒకే వేడికి కరగవు. నీళ్ళు మరగడానికి 100 డిగ్రీల వేడి చాలు. లోహాల లెక్క చూడండి.

సీసం – 327 డిగ్రీలు
అల్యూమినియం – 660 డిగ్రీలు
రాగి – 1085 డిగ్రీలు
ఇనుము – 1538 డిగ్రీలు

సీసం అన్నిటికన్నా తక్కువ వేడికే కరుగుతుంది. వంట పొయ్యి మీద కూడా కరుగుతుంది. అసలు ముప్పు అక్కడే ఉంది. దాని గురించి తర్వాత చెప్పుకుందాం.

పాత లోహం కరిగిస్తే లాభం ఏమిటి? అల్యూమినియం సంగతే తీసుకోండి. మనం సిల్వరు గిన్నె అంటాం. అది వెండి కాదు, అల్యూమినియం. కొత్త అల్యూమినియం కావాలంటే కొండలు తవ్వి బాక్సైటు అనే రాయి తీయాలి. మన విశాఖ మన్యం కొండల్లో కూడా ఆ రాయి ఉంది. ఆ రాయి నుంచి అల్యూమినియం తీయడానికి ఎంతో కరెంటు ఖర్చవుతుంది. కొత్తది చేయడానికి 100 వంతుల శక్తి కావాలి అనుకోండి. పాతది కరిగించడానికి 5 వంతులు చాలు. కొండ మిగులుతుంది. కరెంటు మిగులుతుంది. అందుకే మన సొట్ట గిన్నెకు అంత గిరాకీ.

2. ఫౌండ్రీ అంటే ఏమిటి?

లోహాన్ని కరిగించి అచ్చులో పోసే కార్ఖానాను ఫౌండ్రీ అంటారు. పోత పని అని కూడా అంటారు. పొలంలో నీళ్ళు తోడే మోటారు పంపు, రోడ్డు మీద మురుగు గుంత మూత, దోసెల పెనం, ఇలాంటివి పోతలో తయారవుతాయి. తమిళనాడులో కోయంబత్తూరు మోటారు పంపులకు పేరు పొందింది. మన హైదరాబాద్‌లో బాలానగర్ లాంటి చోట్ల కూడా ఫౌండ్రీలు ఉన్నాయి.

పని ఎలా జరుగుతుందో చూద్దాం.

ముందు కావలసిన వస్తువుకు కర్రతో నమూనా చేస్తారు. దాన్ని ఒక పెట్టెలో పెడతారు. చుట్టూ ఇసుక దట్టిస్తారు. ఇది వట్టి ఇసుక కాదు. ఇందులో బంకమట్టి, బొగ్గు పొడి, కొంచెం నీళ్ళు కలుపుతారు. చేత్తో పిసికితే ముద్ద అవ్వాలి. తర్వాత నమూనా బయటికి తీస్తారు. ఇసుకలో దాని ఆకారం ఖాళీగా మిగులుతుంది. అదే అచ్చు.

ఇంకో పక్క కొలిమిలో తుక్కు కరుగుతూ ఉంటుంది. కరిగిన లోహం అచ్చులో పోస్తారు. చల్లారాక ఇసుక పగలగొడతారు. వస్తువు బయటికి వస్తుంది.

ఈ పనిలో మూడు రకాల మిగులు ఉంటుంది. ఒకటి, లోహం ముక్కలు. రెండు, ఇసుక. మూడు, చిట్టెం. ఈ మూడూ చెత్త కాదు. దేని దారి దానిది. దారి తెలిస్తే సొమ్ము. దారి తప్పితే చేటు.

3. మిగిలినవి ఏమవుతాయి?

లోహం ముక్కలు: లోహం పోయడానికి అచ్చులో దారులు చేస్తారు. ఆ దారుల్లో కూడా లోహం గడ్డ కడుతుంది. దాన్ని కోసేస్తారు. కొన్ని వస్తువులు సరిగా రావు. బొక్కలు పడతాయి, పగుళ్ళు వస్తాయి. ఇవన్నీ మళ్ళీ కొలిమిలోకే పోతాయి. మనం జంతికలు వత్తుతాం. విరిగిన పచ్చి జంతికను మళ్ళీ గొట్టంలో పెడతాం కదా! అలాంటిదే ఇదీ.

ఇసుక: పగలగొట్టిన ఇసుకను పారేయరు. గడ్డలు చితక్కొడతారు. అయస్కాంతం పెట్టి ఇనుప ముక్కలు లాగేస్తారు. జల్లిస్తారు. మళ్ళీ బంకమట్టి, నీళ్ళు కలుపుతారు. మళ్ళీ అచ్చు కడతారు. ఒకే ఇసుక చాలాసార్లు పనికి వస్తుంది. కానీ వేడికి కొంత ఇసుక కాలి పొడి అయిపోతుంది. అంత మేరకు తీసేసి కొత్త ఇసుక కలుపుతారు.

తీసేసిన ఇసుక ఏం చేయాలి? పరీక్ష చేయించి, మంచిదని తేలితే రోడ్డు కింద పరచవచ్చు. ఇటుకల్లో కలపవచ్చు. కాంక్రీటులో కూడా కొంత కలపవచ్చు. ఇలా చేస్తే ఏటి ఇసుక అంత మేరకు మిగులుతుంది. కానీ అన్ని ఫౌండ్రీల ఇసుకా ఒకటి కాదు. ఇత్తడి పోసిన ఇసుకలో సీసం ఉండవచ్చు. కొన్ని చోట్ల ఇసుకలో రసాయనాల జిగురు కలుపుతారు. అలాంటి ఇసుకను వాకిట్లో పోయించుకోకూడదు. పిల్లలు ఆడుకునే చోట అసలే పోయకూడదు. "ఊరికే ఇస్తామంటున్నారు" అని తెచ్చుకోకండి. ఏ లోహం పోసిన ఇసుక అని అడగండి. పరీక్ష కాగితం అడగండి.

చిట్టెం: పప్పు ఉడికేటప్పుడు పైకి తెట్టు తేలుతుంది. గరిటెతో తీసేస్తాం. ఇనుము కరిగేటప్పుడు కూడా పైన తెట్టు తేలుతుంది. తుప్పు, ఇసుక, బొగ్గు బూడిద కలిసి ఈ తెట్టు అవుతుంది. అది బాగా కరిగి పైకి రావడానికి కొలిమిలో సున్నపురాయి వేస్తారు. ఇనుము బరువు, తెట్టు తేలిక. అందుకే పైకి తేలుతుంది. దాన్ని తీసేస్తే చల్లారి గాజులాగా, రాయిలాగా అవుతుంది. అదే చిట్టెం. ఫౌండ్రీలో దీన్ని స్లాగ్ అంటారు.

చిట్టెం మన ఊళ్ళకు పాత చుట్టమే. నిజామాబాద్ జిల్లాలో కొనసముద్రం అనే ఊరు ఉంది. వందల ఏళ్ళ కిందట అక్కడ మేలైన ఉక్కు చేసేవారు. పర్షియా దేశం నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ పాత కొలుముల చిట్టెం ఇప్పటికీ ఆ వైపు నేలల్లో దొరుకుతుంది.

ఇప్పుడు చిట్టెంతో ఏం చేస్తున్నారు? విశాఖ ఉక్కు కర్మాగారం పెద్ద కొలుములు మీకు తెలుసు కదా! అక్కడ మండుతున్న చిట్టెం మీద నీళ్ళు జోరుగా కొడతారు. అది ఇసుక రవ్వలా అవుతుంది. సిమెంటు కంపెనీలు దాన్ని కొంటాయి. మెత్తగా విసిరి సిమెంటులో కలుపుతాయి. సిమెంటు బస్తా మీద ఏముందో ఈసారి చదివి చూడండి. కొన్ని బస్తాల మీద "స్లాగ్ సిమెంట్" అని ఉంటుంది. అంటే అందులో చిట్టెం ఉందన్నమాట.

చిన్న ఫౌండ్రీల చిట్టెంలో ఇనుప గుండ్లు చిక్కుకుని ఉంటాయి. చిట్టెం పగలగొట్టి, అయస్కాంతంతో ఆ గుండ్లు తీస్తారు. అవి మళ్ళీ కొలిమిలోకి పోతాయి.

4. వేరు చేయడమే విద్య

తుక్కు ఏరే ఒక వదిన, మరదలు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాటలు వినండి.

మరదలు: వదినా, అన్నీ ఒకే గోతంలో వేసి అమ్మేస్తే పోలా? వేరు చేస్తూ కూచుంటే పొద్దు పోతుంది.

వదిన: అట్లా అమ్మితేనే మనం నష్టపోయేది. కలగాపులగంగా ఇస్తే అన్నిటికీ ఇనుము ధరే కడతాడు.

మరదలు: అయితే ఏది ఏదో నాకెట్లా తెలుస్తుంది?

వదిన: ఇదిగో, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం. దీనికి గట్టిగా అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే రంగు చూడు. ఎర్రగా ఉంటే రాగి. పసుపుగా ఉంటే ఇత్తడి. తెల్లగా, తేలిగ్గా ఉంటే అల్యూమినియం.

మరదలు: మరి ఈ స్టీలు గ్లాసు? తెల్లగానే ఉంది, అయస్కాంతానికి అంటడం లేదు.

వదిన: మంచి ప్రశ్న అడిగావే. స్టీలు బరువుగా ఉంటుంది. గట్టిగా ఉంటుంది. మేకుతో గీస్తే తొందరగా గీత పడదు. అల్యూమినియం మెత్తన. గీత ఇట్టే పడుతుంది. స్టీలు వేరే గోతంలో వెయ్యి.

మరదలు: కరెంటు తీగలు మంట పెట్టి రాగి తీద్దామా?

వదిన: వద్దు తల్లీ! ఆ ప్లాస్టిక్ పొగ విషం. కత్తితో తొక్క ఒలువు. ఆలస్యమైనా రాగి శుభ్రంగా వస్తుంది. కాల్చిన రాగి కన్నా ధర ఎక్కువ పలుకుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 10 కిలోల తుక్కు ఉంది అనుకుందాం. అందులో ఇనుము 7 కిలోలు, అల్యూమినియం 2 కిలోలు, ఇత్తడి 1 కిలో. కిలో ఇనుము 30 రూపాయలు, అల్యూమినియం 120 రూపాయలు, ఇత్తడి 350 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు. అసలు ధర ఎప్పటికప్పుడు మారుతుంది. అడిగి తెలుసుకోవాలి.

అన్నీ కలిపి ఇనుము ధరకే అమ్మితే:
10 × 30 = 300 రూపాయలు

వేరు చేసి అమ్మితే:
ఇనుము 7 × 30 = 210
అల్యూమినియం 2 × 120 = 240
ఇత్తడి 1 × 350 = 350
మొత్తం 800 రూపాయలు

తేడా ఎంత? 500 రూపాయలు. అయస్కాంతం, కళ్ళు, చేతులు, రెండు గంటల పని. అంతే.

తూకం చీటీ కూడా అడిగి తీసుకోండి. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. ఎన్ని కిలోలు, ఏ ధర, మొత్తం ఎంత అని అక్కడే చదివి చూడండి. కూలి పుస్తకంలో వేలిముద్ర వేయకండి. చదివి సంతకం పెట్టండి.

వేరు చేయడం మన డబ్బు కోసమే కాదు. కొలిమికీ అదే కావాలి. ఉక్కులో రాగి కలిస్తే మళ్ళీ విడదీయడం చాలా కష్టం. ఆ ఉక్కు వేడి మీద పగుళ్ళు ఇస్తుంది. అల్యూమినియంలో ఇనుము ఎక్కువ కలిస్తే అది పెళుసు అవుతుంది. అల్యూమినియంలో సీసం కలిస్తే ఇంకా ప్రమాదం. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో తుక్కు కరిగించి వంట గిన్నెలు పోస్తారు. ఆ గిన్నెలు పరీక్షిస్తే సీసం బయటపడింది. పులుపు తగిలితే సీసం తిండిలోకి దిగుతుంది. మనం రోజూ చింతపండు పులుసు కాచేవాళ్ళం. ఆలోచించండి! తుక్కు దగ్గర జరిగిన కల్తీ చివరికి మన కంచంలోకి వస్తుంది.

5. కొలిమి దగ్గరికి పోకూడనివి

కొన్ని వస్తువులు తుక్కులో కలిసి కొలిమిలోకి పోతే ప్రాణాలు పోతాయి. వేరు చేసేవాళ్ళే వాటిని ఆపగలరు.

మూత బిగించిన డబ్బాలు, గ్యాసు సిలిండర్లు, మూసి ఉన్న గొట్టాలు: లోపల ఉన్న గాలి వేడికి పొంగి బాంబులా పేలుతుంది.

తడి తుక్కు: కరిగిన లోహంలో నీటి చుక్క పడినా క్షణంలో ఆవిరి అవుతుంది. లోహం ఎగజిమ్ముతుంది. వానలో తడిసిన తుక్కు ఆరాకే పోవాలి.

జింకు పూత ఉన్న రేకులు: కరిగించినా, గ్యాసుతో కోసినా తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. వీటిని వేరే పెట్టి, జింకు రేకు అని చెప్పి ఇవ్వాలి.

బ్యాటరీలు: వీటి కథ వేరు. ముందుకు చదవండి.

6. కంటికి కనపడని దుమ్ము

ఇసుక దులిపేటప్పుడు, ఊడ్చేటప్పుడు దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగిపోతుంది. తుమ్మితే పోతుంది. కనిపించని సన్న దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది. అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. ఇది వచ్చాక నయం చేసే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది.

మందు లేదు కాబట్టి రాకుండా చూసుకోవడమే దారి. ఎలా?

పొడి ఇసుక ఊడ్చకూడదు. వాకిట్లో కల్లాపి చల్లినట్టు నీళ్ళు చల్లి ఊడ్చాలి. అయితే కొలిమి దగ్గర, కరిగిన లోహం దగ్గర మాత్రం నీళ్ళు చల్లకూడదు. అక్కడ నీళ్ళు పడితే లోహం పేలుతుంది.

కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. సన్న దుమ్ము చీర గుడ్డలోంచి దూరిపోతుంది. దుమ్మును ఆపే మాస్కు కావాలి. అది యజమాని ఇవ్వాలి. దుమ్మును పీల్చేసే ఫ్యాన్లు పెట్టించడం కూడా యజమాని పనే.

దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "నేను ఫౌండ్రీలో ఇసుక పని చేస్తాను, ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నాను" అని చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరుకు అసలు సంగతి తెలియదు.

ఒక్కరు అడిగితే "ఇష్టమైతే చెయ్యి, లేకపోతే పో" అంటారు. పది మంది కలిసి అడిగితే వింటారు. పొదుపు సంఘంలో మనం నేర్చుకున్నది ఇదే కదా!

7. సీసం – మెత్తని విషం

ఆటో బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టర్ బ్యాటరీ చూశారు కదా! వాటి బరువులో సగానికి పైగా సీసమే. సీసం తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే కొందరు ఇంటి పెరట్లో, పొయ్యి మీద కూడా కరిగిస్తారు. బ్యాటరీ పగలగొట్టి, లోపలి ఆమ్లం మట్టిలో పోసేస్తారు. ఏముందిలే, నాలుగు డబ్బులు వస్తాయి అనుకుంటారు.

ఏముందో ఒక దేశం కథ చెబుతుంది.

ఆఫ్రికా ఖండంలో సెనెగల్ అనే దేశం ఉంది. దాని రాజధాని డకార్. డకార్ పక్కన సముద్రం ఒడ్డున థియారోయ్ అనే పేట ఉంది. అక్కడ చాలా ఏళ్ళుగా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారు. సీసం పొడి అక్కడి ఇసుకలో కలిసిపోయింది. 2007లో ప్రపంచమంతా సీసం ధర బాగా పెరిగింది. వ్యాపారులు వచ్చి ఆ ఇసుకనే కొంటామన్నారు. పేదవాళ్ళు. ఆడవాళ్ళు ఆ ఇసుక తవ్వారు. జల్లెడ పట్టారు. బస్తాల్లో నింపి ఇంటికి తెచ్చి పెట్టుకున్నారు. పిల్లలు ఆ ఇసుక దగ్గరే ఆడుకున్నారు.

2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. మొదట ఏ జబ్బో ఎవరికీ అర్థం కాలేదు. రక్తం పరీక్ష చేస్తే అసలు సంగతి తెలిసింది. ఆ పిల్లల తల్లుల రక్తంలో, తోబుట్టువుల రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉంది.

ఆ తల్లులు పిల్లల్ని సాకడానికే ఆ పని చేశారు. ఆ ఇసుకలో విషం ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సంగతి మనం ఒకరికొకరం చెప్పుకోవాలి.

సీసం ఏం చేస్తుంది? పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. చదువు ఎక్కదు. ఎదుగుదల తగ్గుతుంది. రక్తం తగ్గుతుంది. కడుపు నొప్పి వస్తుంది. ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి. చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. సీసం ఎముకల్లో దాక్కుంటుంది. ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు ఆ సీసం బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది. ఇంత సీసం అయితే ఫరవాలేదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

8. బ్యాటరీకి సరైన దారి

సీసాన్ని మళ్ళీ వాడకూడదా? వాడవచ్చు. పాత బ్యాటరీ సీసంతోనే కొత్త బ్యాటరీ చేయవచ్చు. కానీ అది మన పెరట్లో చేసే పని కాదు. పొగను, దుమ్మును పట్టే యంత్రాలు ఉన్న కార్ఖానాలో చేయాలి.

మన దేశంలో దీనికి 2001లో నిబంధనలు వచ్చాయి. 2022లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. బ్యాటరీ చేసే కంపెనీలే పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలి. అనుమతి పొందిన చోటే వాటిని కరిగించాలి. బ్యాటరీ మీద ఒక బొమ్మ ఉంటుంది. చక్రాలున్న చెత్తడబ్బా, దాని మీద అడ్డంగా గీతలు. అంటే "దీన్ని చెత్తలో వేయవద్దు" అని అర్థం.

మనం చేయవలసినవి ఇవి.

బ్యాటరీ పగలగొట్టకూడదు. ఆమ్లం పారబోయకూడదు. నిలువుగా ఉంచి, ఉన్నది ఉన్నట్టుగా బ్యాటరీ దుకాణంలో ఇవ్వాలి. కొత్తది కొంటే పాతదానికి ధర తగ్గిస్తారు. అడగండి.

ఖాళీ బ్యాటరీ పెట్టెలో నీళ్ళు పట్టకూడదు. మొక్కలు పెంచకూడదు.

ఇంట్లో ఎవరైనా సీసం పని చేస్తుంటే, పని బట్టలు ఇంటికి తేకూడదు. పని చోటే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. వీలుకాకపోతే గుమ్మం బయటే మార్చుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి.

తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పని చోట అన్నం తినకూడదు. ఆకు వక్క నమలకూడదు. బీడీ తాగకూడదు.

కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఆ చోటుకే పోకూడదు.

పిల్లలకు రాగులు, ఆకుకూరలు, మునగాకు, పాలు పెట్టాలి. ఇనుము, కాల్షియం ఉన్న తిండి తింటే ఒంట్లోకి సీసం తక్కువగా ఎక్కుతుంది. అయితే తిండి ఒక్కటే సరిపోదు. ముందు సీసానికి దూరంగా ఉంచాలి.

పిల్ల నీరసంగా ఉంటే, కడుపు నొప్పి అంటుంటే, డాక్టరుకు "మా ఇంట్లో సీసం పని ఉంది" అని చెప్పండి. రక్తంలో సీసం పరీక్ష అడగండి.

గుర్తుంచుకుందాం

లోహం ఎన్నిసార్లయినా కరుగుతుంది. అది చెత్త కాదు.
వేరు చేసి అమ్మితే ధర ఎక్కువ.
తడి తుక్కు, మూసిన డబ్బా కొలిమికి పోకూడదు.
నీళ్ళు చల్లి ఊడ్చాలి. కరిగిన లోహం దగ్గర నీళ్ళు చల్లకూడదు.
బ్యాటరీ పగలగొట్టకూడదు. ఇంట్లో సీసం కరిగించకూడదు.

కొత్త మాటలు

తుక్కు – పనికిరాదని పారేసిన లోహం
పోత – కరిగిన లోహం అచ్చులో పోయడం
చిట్టెం – లోహం కరిగేటప్పుడు పైకి తేలే తెట్టు
అయస్కాంతం – ఇనుమును లాగే రాయి, సూదంటు రాయి
ఆమ్లం – ఒంటి మీద పడితే కాలే ద్రవం, యాసిడ్

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పాత బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయి? ఎవరైనా ఇంటి దగ్గర పగలగొడుతున్నారా?
2. థియారోయ్ తల్లులకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఏం జరిగేది?
3. పని చోట మాస్కు కావాలని అడగాలంటే ఎవరెవరు కలిసి వెళ్ళాలి? ఏమని అడగాలి?

లెక్క చేయండి

20 కిలోల తుక్కు ఉంది. ఇనుము 15 కిలోలు, అల్యూమినియం 4 కిలోలు, ఇత్తడి 1 కిలో. పాఠంలో ఇచ్చిన ధరలే తీసుకోండి. అన్నీ ఇనుము ధరకే అమ్మితే ఎంత వస్తుంది? వేరు చేసి అమ్మితే ఎంత వస్తుంది? తేడా ఎంత? (జవాబు: తేడా 680 రూపాయలు.)

రాయండి

కింది మాటలు పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయండి. మీ వీధిలో తుక్కు దుకాణం ఉంటే అక్కడ కట్టండి. చదువు రాని అక్కకు చదివి వినిపించండి.

"ఇక్కడ బ్యాటరీ పగలగొట్టవద్దు. సీసం మన పిల్లలకు విషం."